మడిచిన వేలు

ముందుగా ఒక మాట. నేను చదివింది ఐదో తరగతి వరకే. అది కూడా వానాకాలం బడికి, ఎండాకాలం అడవికి అన్నట్టు చదివాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు, చెయ్యి చెమట పట్టి కాగితం తడుస్తోంది. తప్పులు కనబడితే దయచేసి వేలెత్తి చూపకండి. ఆ మాట ఎందుకంటున్నానో చదివితే మీకే తెలుస్తుంది.

పాల్వంచలో మేం కిరాయికి ఉంటున్న గది వెనక, ఖాళీ రంగు డబ్బాలో ఒక సొరపాదు పెట్టాను. ఆకుల మీద ఎప్పుడూ కరెంటు ఫ్యాక్టరీ బూడిద పడుతూ ఉంటుంది. పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తాను. తుడిచినప్పుడు ఆకు నలిగి ఒక పచ్చి వాసన వస్తుంది, కొంచెం మేకపిల్లను ఎత్తుకున్నట్టు, కొంచెం తడిమట్టిని తవ్వినట్టు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నా కుడిచేతి చూపుడువేలు దానంతట అదే లోపలికి ముడుచుకుంటుంది. మొన్న నా బిడ్డ వచ్చి "అమ్మా, పిందె ఏడ పట్టింది?" అని అడిగితే పిడికిలి ముందుకు చాచి చూపించాను. "గదేందే, చూపియ్యమంటే గుద్దుతవేంది దాన్ని?" అని అది పడీపడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిడికిలి నాది కాదు, మా పెద్దమ్మ నాకు ఇచ్చింది.

మాది భద్రాచలం పోయే రోడ్డు మీద నుంచి లోపలికి, అడవిలోకి పోతే వచ్చే చిన్న ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు, నేను బడికి పోయీపోనట్టు పోతున్న వయసు. ఊరి పక్కన వాగు ఉండేది. వానాకాలం అది ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. శివరాత్రి దాటిందంటే మాత్రం సన్నబడి, సన్నబడి, ఇసుకలో ఒక పక్కగా జారుకునే పాము లాగా అయ్యేది. అప్పుడు దాని ఒడ్డున నల్లటి ఒండ్రునేల ఒక పట్టీలాగా బయటపడేది. ఆ పట్టీని ఊరోళ్లు ఇంటికొక ముక్క పంచుకునేవాళ్లు. ఆ ముక్కను పాలు అనేవాళ్లం. మా పాలు, వాళ్ల పాలు అని. పట్టాలు లేవు, కాగితాలు లేవు, పటేల్ తాత కర్రతో గీత గీస్తే అదే హద్దు, ఆ గీత మీద రేగుకంప వేస్తే అదే కంచె.

ఆ ఎండాకాలాలు తల్చుకుంటే ఇప్పటికీ నోట్లో నీళ్లూ వస్తాయి, కళ్లల్లో నీళ్లూ వస్తాయి. తెల్లారకముందే ఇప్పపూలు ఏరడానికి అడవికి పోయి, బుట్టలో పూలతోపాటు చీమల్ని కూడా మోసుకొచ్చి, అంబలి తాగి, కడవ నెత్తిన పెట్టుకుని వాగుకు దిగేవాళ్లం. ఇసుకలో చేతులతో చెలిమె తోడితే ముందు బురదనీళ్లు, తర్వాత పాలలాంటి నీళ్లు, ఆ తర్వాత అడుగున పడ్డ గింజ కూడా కనబడే నీళ్లు ఊరేవి. ఆ నీళ్లు ముంచి బీరకు, దోసకు, కాకరకు, సొరకు, బెండకు, పుంటికూరకు మొదళ్ల దగ్గర మాత్రమే పోసేవాళ్లం, ఆకు మీద పడితే అమ్మ తిట్టేది. దోసకాయలు కోస్తుంటే చేతికి గుచ్చుకునే నూగు, బుడమకాయ పగలగొడితే వచ్చే పుల్లటి వాసన, మధ్యాహ్నం తునికిచెట్టు కింద కూర్చుని జొన్న గటకలోకి నంజుకునే పచ్చిమిరపకాయ తొక్కు, ఆ కారానికి కారే ముక్కు. ఇప్పుడు మా గది ముందుకు తోపుడు బండి మీద అన్ని కాయలూ వస్తాయి, కానీ కోసిన చేతి వేడి వాటికి ఉండదు.

ఇంత చెప్పాను కదా అని మా బతుకు తియ్యగా ఉండేది అనుకోకండి. ఆ పాళ్ల మీద పండినంత పగ నేను ఇంకెక్కడా చూడలేదు.

అందరి పాళ్లలోకీ మంచిది చెలిమె పక్కన పాలు. అక్కడైతే కడవ ఎత్తి నాలుగడుగులు వేస్తే మొక్క దగ్గర ఉంటాం. కొసన ఉన్న పాలుకైతే అదే కడవ ఎండలో, కాలే ఇసుకలో మొత్తం పట్టీ దాటి మోయాలి. మా నాయన, పెద్దనాయన వేరుపడ్డ ఏడాది ఆ చెలిమె పాలు మాకు వచ్చింది, దాని పక్కది పెద్దమ్మ వాళ్లకు వచ్చింది. మధ్యలో ఒక్క రేగుకంప. ఆ రోజు నుంచి పెద్దమ్మ మా అమ్మను పేరుతో పిలవలేదు. ఎదురుగా ఉన్నా కూడా కంపతో మాట్లాడుతున్నట్టు మాట్లాడేది. "నీళ్ల పక్కన కూసున్నోళ్లకు ఏం తెలుస్తది, నడుములు ఇరిగేటోళ్ల బాధ," అనేది. మా అమ్మ ఊరుకునే రకం కాదు. "కండ్లు మండేటోళ్లకు చెలిమెల నీళ్లు చల్లుకొమ్మను, సల్లగైతయ్," అని అదే కంపకు చెప్పేది. మా నాయన పాల్వంచలో హమాలీ పనికి పోయి ఎప్పుడో కానీ వచ్చేవాడు కాదు, కాబట్టి ఈ యుద్ధమంతా ఇద్దరు యారాళ్లదే, అంటే తోడికోడళ్లదే, ఆయుధం మాత్రం నేను.

పిందెను వేలితో చూపిస్తే కుళ్లిపోతుందని మా దగ్గర అందరూ నమ్ముతారు. మీలో కూడా చాలామంది ఇళ్లల్లో చెప్పే ఉంటారు. చూపించాలంటే వేలు మడిచి, కణుపుతో చూపించాలి. మరిచిపోయి చూపిస్తే ఆ వేలు కొరుక్కుని ఉమ్మెయ్యాలి. నేను ఆ రోజు మరిచిపోయాను. పెద్దమ్మ సొరతీగ మీద వేలంత పిందె, ఒంటి నిండా తెల్లటి నూగుతో, తోకన ఇంకా పువ్వు కూడా రాలకుండా వేలాడుతూ కనబడింది. "అమ్మా, గా పిందె సూడే, ఎలకపిల్ల తీరుగ ఉన్నది!" అని వేలు చాచి అరిచాను.

పెద్దమ్మ కంప దాటి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "కొరుకు. నా ముంగట కొరుకు. గట్టిగ కొరుకు," అంది. నేను మెల్లగా కొరికితే నా గదవ కింద చెయ్యి పెట్టి పైకి నొక్కింది. వేలి మీద పళ్లు దిగబడి రక్తం వచ్చింది. మా అమ్మ పారతో పరుగెత్తుకొచ్చి "నా బిడ్డను ముట్టుకుంటె నీ చెయ్యి ఇరగ్గొడత!" అని అరిచింది. అరిచి, ఆమె వెళ్లిపోయాక మళ్లీ నా వైపు తిరిగి, మెల్లగా, "ఉమ్మినవా?" అని అడిగింది. నాకు అన్నిటికంటే ఆ మాటే ఎక్కువ గుర్తు.

ఆ పిందె వాడింది. పసుపుపచ్చగా అయి, మెత్తబడి, రాలిపోయింది. దాని పక్కది కూడా రాలింది. ఇక పెద్దమ్మ తన పాలంతా మూటలు కట్టేసింది. ఆడపువ్వు విచ్చకముందే, కింద చిన్న పిందె కనబడగానే, పాత చీర పీలిక చుట్టి ముడివేసేది. పీలికలు చాలకపోతే పగిలిన కుండపెంకులు బోర్లించేది, అవీ అయిపోతే మోదుగాకులు కుట్టి తొడిగేది. దూరం నుంచి చూస్తే సొరపాదుకు జ్వరం వచ్చి పట్టీలు వేసినట్టు ఉండేది. ఎంత దాచితే అన్ని రాలాయి. రాలినకొద్దీ ఆమె వాటిని ఏరి చాటలో పోసుకుని, మా ఇంటి ముందు నుంచి నడిచేది. "సూడుండ్రి, సూడుండ్రి, గా పొల్ల వేలు చేసిన పని," అని చాట ఊపేది. ఊళ్లో పిల్లలు నన్ను కుళ్లువేలు అన్నారు. బడిలో నా పక్కన కూర్చోలేదు. ఒక పిల్ల తన తల్లి కడుపుతో ఉందని, తమ ఇంటి వైపు రావొద్దని నాతో చెప్పింది. నా వేలికి అమ్మ గుడ్డ చుట్టి, దాని మీద దారం బిగించింది. ఆ గుడ్డతోనే తిన్నాను, ఆ గుడ్డతోనే రాశాను. నా అక్షరాలు ఇట్లా వంకరగా ఉండడానికి అది కూడా ఒక కారణం అనుకుంటాను.

మా ఊరి పద్ధతి ఒకటి ఉంది. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, పాళ్ల మీద పాత తీగలు పీకి రెండో విత్తనం వేస్తారు. వాగు పొంగితే కింది సగం మునుగుతుంది కాబట్టి మీది సగంలో పెంటెరువు చల్లి, తవ్వి, గుడ్డలో మూటగట్టి నానబెట్టిన బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు గింజలు పెడతారు. ఆ విత్తనానికి ముందు ప్రతి పాలు నుంచి ఒక సొరకాయ ముత్యాలమ్మకు పెట్టాలి. అది పెట్టేదాకా ఎవరూ సొరకాయ తినకూడదు. ఏ పాలు నుంచి కాయ రాకపోతే, ఆ ఇంటివాళ్లు రెండో విత్తనానికి కొసన ఉన్న పాలుకు పోవాలి, కొసనవాళ్లు ముందుకు వస్తారు. ముత్యాలమ్మ వద్దనుకున్న చెయ్యి నీళ్లకు దూరంగా ఉండాలని మా పెద్దల లెక్క.

పెద్దమ్మకు కాయ లేదు. ఆమె పటేల్ తాత దగ్గరికి పోయి మొర పెట్టుకుంది. "పటేలా, నా చెయ్యి చెడ్డది కాదు. గా పొల్ల వేలు చెడ్డది. పోవాలంటె ఆళ్లే కొసకు పోవాలె. ఆళ్ల చెలిమె పాలు నాకియ్యి." పటేల్ తాత పొగాకు నములుతూ, "అమ్మ పండుగ నాడు పాళ్ల మీదనే తేలుస్త," అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి మా అమ్మ సరిగా తినలేదు. చెలిమె పాలు పోతే రోహిణి ఎండలో నానిన గింజకు అంత దూరం నుంచి ఒక్కతే నీళ్లు మొయ్యలేదు. గింజ ఎండితే వానాకాలమంతా మాకు కూర లేదు, సంతకు తీసుకుపోయేందుకు గంపెడు బెండకాయలూ లేవు. మా అమ్మ నన్ను చూసే చూపు కూడా మారింది. "నువ్వు పాలు దిక్కు రాకు. వస్తె కాళ్లిరగ్గొడత," అంది.

నేను పోయాను. అమ్మ తునికాకు కోతకు పోయిన పూటల్లా పోయాను. ఎందుకంటే పెద్దమ్మ తీగ ఒకటి రేగుకంప సందులోంచి దూరి మా వైపుకు వచ్చింది, మా బెండమొక్కల నీడలో దానికి ఒక పిందె పట్టింది. అది పెద్దమ్మకు కనబడలేదు. పీలిక కట్టలేదు, పెంకు బోర్లించలేదు. నేను వేలి గుడ్డ విప్పి, వేలు తిన్నగా చాచి, దాని మూతికి తగిలేటట్టు పెట్టి, "కుళ్లిపో. కుళ్లిపో. నీ యవ్వ, కుళ్లిపో," అనేదాన్ని. ఊరంతా నా వేలికి భయపడుతుంటే, ఆ వేలితో ఒక్కటైనా చంపి చూడాలని నాకు కసి పుట్టింది. పెద్దమ్మ మొహం తల్చుకుని మరీ చూపించేదాన్ని. ఆ పిందె నన్ను లెక్కచేయలేదు. ముందు నా పిడికిలంత అయింది, తర్వాత కోడిపెట్టంత అయింది, పండుగ నాటికి చంకనెత్తుకునే పసిపిల్లంత అయి, నున్నగా, లేతాకుపచ్చగా మా బెండచెట్ల మధ్య పడుకుంది.

పండుగ నాడు డప్పు కొట్టుకుంటూ అందరూ పాళ్ల మీదకు వచ్చారు. ఒక్కొక్కరు తమ కాయ కోసి గంపలో పెడుతున్నారు. మా అమ్మ మా తీగ కాయ కోసింది. పెద్దమ్మ మాత్రం చాట నిండా రాలిన పిందెలు పటేల్ తాత కాళ్ల దగ్గర పోసి, "ఇగో నా కాయలు. అమ్మకు ఇయ్యే పెట్టు," అని ఏడ్చింది. అందరూ నా వైపు చూశారు. పటేల్ తాత మా అమ్మతో, "ఏం కోడలా, ఏమంటవ్?" అన్నాడు. మా అమ్మ నా కుడిచెయ్యి పట్టుకుని నన్ను తన వెనక్కి లాగింది. అప్పుడు నాకు భయం పోయింది. ఎట్లా పోయిందో చెప్పలేను.

"తాతా, గీ కాయ పెద్దమ్మదే. నేను రోజూ వేలు వెట్టి చూపెట్టిన. కుళ్లలే," అన్నాను.

"అబద్ధం! గది ఆళ్ల తీగె," అంది పెద్దమ్మ.

పటేల్ తాత వంగి, కాయ తొడిమె పట్టుకుని, అక్కడి నుంచి తీగ మీద చెయ్యి జార్చుకుంటూ, రేగుముళ్లు గీరుకుంటున్నా వదలకుండా కంపలోంచి అవతలికి పోయాడు. చెయ్యి ఆగింది పెద్దమ్మ పాదు మొదట్లో. డప్పు ఆగిపోయింది. ఎవరో ముసలమ్మ, "మరి వేలు చూపెడితె ఇది గింత ఎట్ల పెరిగె?" అని అడిగింది.

పెద్దమ్మకు అప్పుడు ఒక్క మాట చాలు. నా కాయే, అమ్మకు పెట్టండి అంటే ఆమె పాలు ఆమెకు ఉండేది, మాది మాకు ఉండేది. ఆమె ఆ మాట అనలేదు. "పైకి గట్లనే ఉంటది, లోపల కుళ్లి పురుగులు వట్టి ఉంటది, మీరే సూడుండ్రి!" అని ఆ కాయను తెంపి, రెండు చేతులతో ఎత్తి, చెలిమె పక్కన బండకేసి కొట్టింది. అది పెటిల్లున పగిలింది. లోపల తెల్లగా, వెన్నముద్ద లాగా, నీళ్లు చిందుతూ, గింజలు ఇంకా లేతగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. మేకలు వచ్చి ముక్కలు తినేశాయి.

పటేల్ తాత పొగాకు ఉమ్మేసి, "అమ్మకు పెట్టే కాయ నీ చేతులతోనే పలగ్గొట్టుకుంటివి కదనే కోడలా. ఇగ నీకు కొస పాలే," అన్నాడు. అంతే. మేము గెలిచాం.

ఇంటికి పోయాక మా అమ్మ తలుపు దగ్గరగా వేసి నన్ను చీపురుకట్టతో కొట్టింది. "నిజంగనే చూపెట్టినవా? పిందెకు వేలు చూపెట్టినవా? నా తీగెలకు కూడ చూపెడితె ఏం గావాలె?" అని అడుగుతూ కొట్టింది. పగిలిన కాయను అందరితోపాటు ఆమె కూడా చూసింది. చూసింది చాలలేదు ఆమెకు. ఆ తర్వాత నన్ను పాలు మీదకు రానిచ్చింది కానీ పిడికిలి బిగించి ఉంటేనే. గింజ పెట్టినా, నీళ్లు పోసినా, కాయ కోసినా కుడిచెయ్యి ముడుచుకునే చేశాను. ఆ రోహిణి ఎండల్లో పెద్దమ్మ కడవ మీద కడవ మోసుకుంటూ, మా పాలు పక్క నుంచే కొసకు పోయేది. మా వైపు చూసేది కాదు. నేను మాత్రం తునికిచెట్టు కింద కూర్చుని, ఆమె కాళ్లు ఇసుకలో కాలుతుంటే చూసేదాన్ని. చూడడానికి బాగుండేది. ఇప్పుడు కూడా బాగుండేదనే రాస్తున్నాను.

ఆ పిందెలు ఎందుకు రాలాయో నాకు ఈ రంగుడబ్బా పాదు దగ్గరే తెలిసింది. పొద్దుగూకేటప్పుడు సొరపువ్వు తెల్లగా విచ్చుకుంటుంది. అప్పుడు చిన్న చిన్న రెక్కల పురుగులు వచ్చి మగపువ్వు మీద వాలి, ఆడపువ్వు మీద వాలి పోతాయి. ఏ పువ్వు మీదైతే వాలలేదో దాని కింది పిందె వాడిపోతుంది. మూటగట్టిన పువ్వు మీద పురుగు ఎట్లా వాలుతుంది? నా వేలి నుంచి దాచడానికే ఆమె వాటిని చంపుకుంది.

పోయిన ఎండాకాలం ఊరికి పోయాను. వాగు ఉంది కానీ వాగు ఒడ్డు లేదు. ఇసుక కోసం ట్రాక్టర్లు దిగి, దిగి, ఒండ్రుపట్టీ అంతా కూలి గుంతలైంది. చెలిమె తోడితే ఎర్రమన్ను వస్తుంది. పాళ్లు లేవు, కొస పాలు లేదు, చెలిమె పాలు లేదు, పటేల్ తాత లేడు. అమ్మ పోయి చాలా కాలమైంది. ముత్యాలమ్మకు సంతలో కొన్న సొరకాయ పెడుతున్నారట. దేనికోసం ఆ ఇద్దరు ఆడవాళ్లు అమ్మ పోయేదాకా మాట్లాడుకోలేదో, అది ఏదో ఇంటి గోడకు సిమెంటులో కలిసిపోయింది.

పెద్దమ్మ ఉంది. రెండు కళ్లల్లో తెల్ల పొరలు. పాకముందు మంచం మీద కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని "ఎవలూ?" అంది. చెప్పాను. ఆమె కూర్చో అనలేదు. పాక మీదకు పాకిన సొరతీగ వైపు మొహం తిప్పి, "పువ్వు వాసనొస్తుంది. పిందె పట్టిందో లేదో నాకు కండ్లు ఆనుతలేవు. ఏడున్నదో సూసి నా చెయ్యి వట్టి చూపియ్యి," అంది.

చూరు కింద ఒక పిందె ఉంది. ఎలకపిల్లంత. అలవాటు కొద్దీ నా పిడికిలి ముందుకు పోయింది. ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని పిందె దగ్గరికి తీసుకెళ్లాను. కుడిచేతి వేలు విప్పాను. తిన్నగా చాచి, నూగు గుచ్చుకునేదాకా పిందె మీద పెట్టాను.

"వేలు మడిచినవానే?" అంది పెద్దమ్మ.

"అవ్ పెద్దమ్మా, మడిచిన," అన్నాను.

ఇంతే నా రాత. ఒత్తులు తప్పి ఉంటాయి, మాటలు అటూ ఇటూ అయి ఉంటాయి, మన్నించండి. మొదట్లో వేలెత్తి చూపకండి అని అడిగాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎక్కడ తప్పుందో నాకు చూపించండి. వేలు మడవాల్సిన పని లేదు.